రెండు ప్రయత్నాల మధ్య మంగళవారాలు

నేను ఇరవై రెండేళ్లు ఫెర్టిలిటీ క్లినిక్‌లో నర్సుగా పనిచేశాను. కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటి నుంచి పావుగంట డ్రైవ్. అక్కడ ఏం చేసేదానివని ఎవరైనా అడిగితే, ఫోన్లు చేసేదాన్నని చెబుతాను. నవ్వులాటకి అంటున్నాననుకుంటారు. కాదు, నిజమే. సూదులు వేయడం, స్కాన్‌కి సిద్ధం చేయడం, మందుల లెక్క చెప్పడం మీకు కాలేజీలో నేర్పుతారు. అక్కడ నేర్పనిది ఒకటుంది. మన దగ్గరికొచ్చే ఆడవాళ్లు క్లినిక్‌లో గడిపేది గంటలు, ఇంట్లో ఎదురుచూసేది నెలలు. మన ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ నెలల్లోనే ఉంటుంది.

ఈ మధ్య మన తెలుగు పిల్లలు చాలామంది నర్సింగ్ చదివి ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్లకోసమే ఇది. నాకేం ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నది రాయను. ఒక బాసు గురించి, ఒక జంట గురించి, నేను చేసిన ఒక పెద్ద వెధవ పని గురించి రాస్తాను. పేర్లు మార్చాను. ఆ జంటని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. ఎందుకంత జాగ్రత్తో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఫలితం, తర్వాత కుశలం

మా హెడ్ నర్సు జాయ్స్ జమైకా నుంచి వచ్చిన మనిషి. పొడుగ్గా ఉండేది. నవ్వితే వెయిటింగ్ రూమ్ దాకా వినపడేది. కోపం వస్తే మాత్రం గొంతు తగ్గించేది, అందుకే ఆవిడ మెల్లగా మాట్లాడిందంటే మేమందరం ఏదో ఒక డ్రాయరు సర్దుకుంటూ కనిపించేవాళ్లం.

నేను చేరిన మొదటి వారంలోనే ఒకావిడకి గర్భం నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష ఫలితం చెప్పాల్సి వచ్చింది. ఫలితం బాగుంది. నా సంతోషం నేను పట్టలేక ఫోన్ ఎత్తాను. మనవాళ్లు ఎవరికైనా ఫోన్ చేస్తే మొదట ఏం అడుగుతాం? బాగున్నారా, ఇంట్లో అందరూ బాగున్నారా, భోజనం అయిందా. నేనూ అదే అడిగాను, ఇంగ్లీషులో. లంచ్ అయిందా అనేసరికి అవతల ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. చెడ్డ వార్త చెప్పడానికే ఇంత మర్యాద చేస్తున్నానని అనుకుంది. పాజిటివ్ అండీ, పాజిటివ్ అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆవిడకి వినపడడం లేదు.

జాయ్స్ నా పక్కన కుర్చీ లాక్కుని మెల్లగా మాట్లాడింది.

"రత్నం, వాళ్ల అన్నం సంగతి నీకెందుకు? పేరు చెప్పు, ఫలితం చెప్పు. మొదటి వాక్యంలో. ఆ తర్వాత ఎంతసేపైనా ఉండు, కానీ మొదటి వాక్యం వాళ్లది."

ఇరవై రెండేళ్లలో నేను నేర్చుకున్న వాటిలో ఇది మొదటిది. అవునని చెప్పినా, కాదని చెప్పినా అంతే. నేను ఎక్కువసార్లు కాదనే చెప్పాను, అది దాచను. కాదని చెప్పాక ఫోన్ వెంటనే పెట్టేయకండి. వాళ్లు పెట్టేదాకా ఉండండి.

కొనని కోట్లు

ఒక ప్రయత్నం తప్పితే, అంటే పెట్టిన పిండం నిలవకపోతే, మర్నాడే ఇంకొకటి మొదలుపెట్టరు. ఒంటికి విశ్రాంతి కావాలి. ఒక నెల అండాశయంలో సిస్ట్, నీటిబుడగ, ఉందంటారు, ఇంకో నెల గర్భాశయం లోపలి పొర పలచగా ఉందంటారు. రెండు నెలలనుకున్నది అయిదు నెలలవుతుంది. డాక్టర్లు మంచివాళ్లే, కానీ ఈ సమయంలో వాళ్లు చెప్పే మాట ఒకటుంది: "ఈలోగా హాయిగా రిలాక్స్ అవ్వండి." మీరు ఆ మాట ఎప్పుడూ అనకండి. రిలాక్స్ అవ్వమని చెబితే అయినవాళ్లని నేను ఒక్కరిని కూడా చూడలేదు. అయ్యే పనైతే మీరు చెప్పకముందే అయ్యేవారు.

ఆ నెలల్లో మనుషులు ఏం చేస్తారో నేను జాగ్రత్తగా చూశాను. ఏమీ చేయరు. అదే అసలు జబ్బు. టూర్ బుక్ చేయరు, అప్పటికి ప్రయాణం చేయకూడదేమోనని. ఉద్యోగం మారరు, మెటర్నిటీ లీవ్ పోతుందేమోనని. మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎంతమంది పాత కోట్లు వేసుకుని వచ్చేవారో. కెనడాలో చలికాలం పాత కోటుతో లాగడం చిన్న విషయం కాదు. నేను మొదట్లో పొదుపు అనుకున్నాను. తర్వాత తెలిసింది, జనవరి నాటికి పొట్ట పెరిగి ఎలాగూ పట్టదు కదా అని కొనడం మానేస్తారు. అలా మూడేసి చలికాలాలు.

సుజాత కోటుకి జిప్ విరిగిపోతే పిన్నీసులు పెట్టుకుని తిరిగేది. ఇక్కడి నుంచి ఆవిడ కథే.

సుజాత ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. సొంతూరు తెనాలి. ఆవిడ భర్త విక్టర్ ఒక వేర్‌హౌస్‌లో సూపర్‌వైజరు, అమలాపురం వైపు మనిషి, పాట ఎత్తుకుంటే ఆపడు. రెండు ప్రయత్నాలు తప్పాయి. క్లినిక్ ఫ్రీజర్‌లో ఒకే ఒక్క ఎంబ్రియో, అంటే పిండం, మిగిలింది. మూడోసారికి సిద్ధమవుతుంటే సిస్ట్ కనిపించి, మళ్లీ ఆగమన్నారు. వాళ్లు నాకు పేషెంట్లే కాదు, మా తెలుగు చర్చిలో మా వెనక వరసలో కూర్చునేవాళ్లు. ఆదివారం ఎదురుపడితే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. అంత పద్ధతిగా ఉండేదాన్ని.

ఒక సహోదరి కోసం

మా చర్చివాళ్లం శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంటి కింది బేస్‌మెంట్‌లో ప్రార్థనకి కూడుకుంటాం. చివర్లో ప్రార్థన మనవులు అడుగుతారు. బయటపెట్టలేని విషయమైతే పేరు చెప్పకుండా ఒక సహోదరి, ఒక కుటుంబం అని చెప్పడం మాకు మామూలే. ఆ శుక్రవారం నా మనసంతా సుజాత మీదే ఉంది. స్కాన్ రూమ్‌లోంచి బయటికొచ్చి, పిన్నీసుల కోటు వేసుకుంటూ, సారీ ఆంటీ అని నాకే సారీ చెప్పి వెళ్లింది. నేను తట్టుకోలేకపోయాను. నా వంతు రాగానే నోరు తెరిచాను.

"మన మధ్యే ఉన్న ఒక సహోదరి. సంతానం కోసం రెండుసార్లు ప్రయత్నించింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. ఆవిడ కోసం ప్రార్థన చేద్దాం."

పేరు చెప్పలేదు కాబట్టి తప్పు చేయలేదనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మా కరుణమ్మ గారి సంగతి నేను మర్చిపోయాను. ఆవిడ చర్చిలో అందరికీ పెద్దదిక్కు, మనసు వెన్న, కానీ ఒక విషయం సగం తెలిస్తే మిగతా సగం తెలుసుకోకుండా కాఫీ కూడా తాగలేరు. ఆదివారానికల్లా ఆవిడ ఆధ్వర్యంలో దర్యాప్తు పూర్తయింది. అనుమానితులు ముగ్గురు తేలారు. ఆర్నెల్ల క్రితం పెళ్లయిన స్టెల్లాకి గర్భం నిలవడానికి మంచిదని ఎవరో దానిమ్మపళ్ల పెట్టె ఇచ్చారు, ఆ అమ్మాయి బర్త్‌డే అనుకుని థాంక్స్ చెప్పి తీసుకుంది. రెండో మనిషి మా క్వయర్ లీడర్ ఎస్తేరు గారు. ఆవిడకి యాభై రెండేళ్లు, కొడుకులిద్దరూ యూనివర్సిటీలో ఉన్నారు. ఆవిడ మా క్లినిక్ ఉన్న బిల్డింగ్ దగ్గర కారు దిగుతుండగా ఎవరో చూశారట. కింద అంతస్తులో కళ్లద్దాల షాపుందన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు. చర్చి భోజనాల దగ్గర ఆవిడ చేతిలోంచి బిర్యానీ గిన్నె లాక్కున్నారు, బరువెత్తకూడదని. పళ్లెంలో అనాసముక్క వేసుకుంటే అదీ తీసేశారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మూడో మనిషి సుజాత. కరుణమ్మ గారు నలభై మంది ముందు సుజాతని దగ్గరికి తీసుకుని, పొట్ట మీద చేయిపెట్టి, కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశారు. విక్టర్ చేతిలో పేపర్ ప్లేట్ పట్టుకుని అలా నిలబడిపోయాడు. సుజాత నా వైపు చూసింది. ఒక్క చూపే.

సోమవారం పొద్దున్నే వెళ్లి జాయ్స్‌కి చెప్పాను. పేరు చెప్పలేదు అని మొదలుపెట్టాను. ఆవిడ గొంతు తగ్గించింది.

"నీ నోట్లోంచి వచ్చిందంటే అది క్లినిక్‌లోంచి వచ్చినట్టే. నువ్వు వాళ్ల రహస్యాన్ని మంచి మనసుతో పంచిపెట్టావు. మంచి మనసుతో చేసిన తప్పుని సరిదిద్దడం ఇంకా కష్టం."

క్లినిక్‌లో జరగాల్సిన విచారణ జరిగింది, నన్ను ఆ ఫైల్ నుంచి తీసేశారు. న్యాయంగానే చేశారు. మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లు ఇక్కడ చిన్నవి. ఎంత పెద్ద హైవేలున్నా, తెలుగువాళ్ల బ్రాంప్టన్ ఒక బేస్‌మెంట్‌లో పడుతుంది. పేరు ఒక్కటి తీసేస్తే రహస్యం దాగదు, ఇంకో ఇద్దరు అమాయకులు ఇరుక్కుంటారు.

మా ఇంటి మెట్ల మీద

శనివారం పొద్దున సుజాత మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం ముందే నిలబడి మాట్లాడింది.

"మా అమ్మకి కూడా చెప్పలేదు ఆంటీ. విక్టర్ వాళ్లింట్లో చెప్పలేదు. క్లినిక్‌లో మీకు చెప్పాను. దేవుడికి చెప్పాలనిపిస్తే మీ ఇంట్లో కూర్చుని చెప్పుకోవచ్చుగా. ఆయనకి వినపడదా?"

"తప్పు నాదేనమ్మా," అన్నాను.

"పేరు చెప్పలేదని అంటారేమో అనుకున్నా."

"అందామనుకున్నాను. జాయ్స్ దగ్గర ఆ మాటకి చీవాట్లు పడ్డాయి."

ఆవిడ కోటు పిన్నీసులు సర్దుకుంది. తర్వాత అసలు విషయం చెప్పింది.

"నేనింక రాను ఆంటీ. ఆ మూడోది పెట్టించుకోను. చర్చిలో జరిగినదానికే కాదు. అది ఫ్రీజర్‌లో ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి ఉంది కదా అనిపిస్తుంది. అదీ అయిపోతే ఎదురుచూడ్డానికి కూడా ఏం ఉండదు."

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట నేను వినలేదు. ఎదురుచూపు వాళ్లని తినేస్తుందనే అనుకున్నాను. అది పోతుందేమోనన్న భయం కూడా ఉంటుందని నాకు తెలియదు. నోటికొచ్చింది చెప్పాను.

"ఎస్తేరు గారి బిర్యానీ గిన్నె కూడా లాక్కున్నారమ్మా."

"ఎందుకు?"

"ఆవిడే అనుకుని. బరువెత్తకూడదని."

సుజాత నన్ను అలాగే చూసింది. పెదవులు బిగబట్టింది. "ఎస్తేరు ఆంటీనా?" అంది.

"అనాసముక్క కూడా తీసేశారు. ఆవిడ ఇప్పటికీ తన షుగర్ రిపోర్టు ఎవరో చూశారనుకుంటోంది."

అంతే. ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, స్టెల్లా దానిమ్మపళ్ల సంగతి చెబితే మళ్లీ మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని, వయసు మర్చిపోయి, పక్కింటివాళ్లు కుక్కని తీసుకుని వెళ్తూ చూస్తున్నా పట్టించుకోకుండా నవ్వాను. ఆ నవ్వులోనే ఎప్పుడో ఆవిడ ఏడ్చింది. నేను చేయి పట్టుకోలేదు, పక్కన ఉన్నానంతే.

వెళ్లేముందు ఒక షరతు పెట్టింది.

"మంగళవారం మంగళవారం నాకు ఫోన్ చేయండి. లంచ్ టైమ్‌లో, పది నిమిషాలు. క్లినిక్ మాట ఎత్తకూడదు. పొట్ట మాట ఎత్తకూడదు. ప్రార్థన చేస్తున్నామని కూడా అనకూడదు. ఇంకేదైనా మాట్లాడండి. మూడోది పెట్టించుకునేదీ లేనిదీ నేనే చెప్తా, మీరు అడక్కండి."

410 హైవే

మొదటి మంగళవారం ఇద్దరికీ మాట దొరకలేదు. తీసేయాల్సినవన్నీ తీసేస్తే మాకు మిగిలింది ఆవిడ ఇంటి వెనక చెత్తబుట్ట మూత తీసే రకూన్ అనే జంతువు ఒక్కటే. దాని గురించే పది నిమిషాలు మాట్లాడుకున్నాం. రెండో మంగళవారం ఆవిడే ఒక విషయం తెచ్చింది. పూర్తి డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షకి హైవే మీద నడిపి చూపించాలి. ఆవిడకి మా ఊరి 410 హైవే అంటే భయం. బిడ్డ పుట్టాక నేర్చుకుందాంలే అని నాలుగేళ్లుగా వాయిదా వేస్తోంది. ఇప్పుడు నేర్చుకుంటానంది.

అక్కడినుంచి నా మంగళవారాలు ఒక పండగ. విక్టర్ పక్క సీట్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుని కీర్తనలు పాడేవాడట. ఆవిడ ఎంత స్పీడ్ పెంచితే అంత గట్టిగా పాడేవాడట. ఒకరోజు దిగాల్సిన ఎగ్జిట్ దగ్గర పక్క లేన్‌లోకి మారలేక, ఆ తర్వాతదీ మారలేక, హైవే అయిపోయేదాకా వెళ్లిపోయారు. తిరిగిరావడానికి ధైర్యం చాలక ఒక ఆపిల్ తోటలో ఆగి, ఊరికే ఆగితే బాగోదని బుట్టలు బుట్టలు ఆపిల్స్ కోసుకొచ్చారు. మా ఇంటికి ఒక సంచి వచ్చింది. కరుణమ్మ గారింటికి కూడా పంపింది, అది నాకు బాగా నచ్చింది.

మొదటిసారి పరీక్ష తప్పింది. హైవే మీద మరీ నెమ్మదిగా నడిపిందని. ఆ మంగళవారం "ఫెయిల్ అయ్యా ఆంటీ" అంటూ నవ్వుతూనే చెప్పింది. అప్పుడు నాకర్థమైంది. రెండేళ్లుగా ఆవిడ ఓడిపోయిందల్లా తన చేతిలో లేనివాటి దగ్గరే. ఇది చేతిలో ఉన్నది. మళ్లీ డేట్ తీసుకుంది, మళ్లీ వెళ్లింది, పాసైంది.

పాసైన రోజే షాపింగ్ మాల్‌కి తానే డ్రైవ్ చేసుకుని వెళ్లి కోటు కొనుక్కుంది. ఎర్రది.

"నడుం దగ్గర సరిగ్గా పట్టింది ఆంటీ, కొలిచి కుట్టినట్టుంది," అని చెప్పింది.

ఒక సైజు పెద్దది తీసుకోవాల్సింది అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన గొప్ప పనుల్లో అదొకటి.

ఆ తర్వాతి మంగళవారం తనే చెప్పింది. "మూడోదానికి డేట్ తీసుకున్నా. మిమ్మల్నే నర్సుగా పెట్టమని మీ జాయ్స్ గారికి రాసిచ్చా. అయిపోతే అయిపోనీండి ఆంటీ. తర్వాత స్విమ్మింగ్ నేర్చుకుంటా."

పిల్లలూ, ఎదురుచూసేవాళ్లకి మీరు ఇవ్వగలిగింది ఇదొక్కటే. ధైర్యం చెప్పకండి. వాళ్ల చేతిలో ఉన్న పని ఏదో ఒకటి అడిగి తెలుసుకుని, దాని గురించి వచ్చేవారం మళ్లీ అడగండి. జాయ్స్ మిగతా నర్సుల చేత కూడా మంగళవారం ఫోన్లు చేయించడం మొదలుపెట్టింది, ఇష్టమని చెప్పినవాళ్లకి. కొందరికి తర్వాత బిడ్డలు పుట్టారు, కొందరికి పుట్టలేదు. పుట్టనివాళ్లలో కూడా ఇంకా నాకు ఫోన్ చేసేవాళ్లున్నారు.

గంటన్నర

ఎంబ్రియో పెట్టించుకోవడానికి సుజాత క్లినిక్‌కి తానే డ్రైవ్ చేసుకుని వచ్చింది. పక్కన విక్టర్, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. నాకు రిటైర్మెంట్ ఇంకో మూడు వారాలుంది. రక్తపరీక్ష రోజు పన్నెండింటికి రిపోర్టు నా చేతికొచ్చింది. ఫోన్ చేశాను. సుజాతా అని పేరు చెప్పి, రెండో మాట ఎత్తబోతుండగా ఆపేసింది.

"ఆంటీ, ఆగండి. ఏం చెప్పకండి. విక్టర్ రొయ్యల వేపుడు చేశాడు. అవునన్నా కాదన్నా ఇంక మాకు తిండి దిగదు. ముందు తినేస్తాం. ఒంటిగంటన్నరకి చేయండి."

ఫోన్ పెట్టేసింది. నేను రిసీవర్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. అన్నేళ్లు నేను జనాల్ని ఎదురుచూడబెట్టాను. మొదటిసారి ఒకావిడ నన్ను ఎదురుచూడబెట్టింది, తన భోజనం అయ్యేదాకా.

ఆ గంటన్నర ఎలా గడిపానో చెప్పలేను. నీళ్ల గ్లాసు ఒలకబోశాను. ఒకరి ఫైల్ ఇంకొకరి చోట పెట్టి మళ్లీ తీశాను. జాయ్స్ నా మొహం చూసి సామాన్ల గదిలోకి తోసింది.

"నీ మొహం చూస్తే ఎవరైనా చదివేస్తారు. ఇక్కడ కూర్చుని గ్లవ్స్ సర్దు. ఇప్పుడు తెలిసిందా ఎలా ఉంటుందో?"

గ్లవ్స్ సైజుల వారీగా సర్దుతుంటే నా సెల్ మోగింది. కరుణమ్మ గారు. ఆదివారం భోజనాలకి నేను పప్పుచారు చేస్తానా, సాంబారు చేస్తానా అని అడిగారు. తర్వాత గొంతు తగ్గించారు.

"రత్నం గారూ, ఆ సహోదరి సంగతి ఏమైందండీ? మేం ఇంకా ప్రార్థన చేస్తున్నాం."

ఫలితం నా జేబులో ఉంది. నోటినిండా ఉంది. ఒళ్లంతా గెంతులేస్తోంది.

"ఏ సహోదరండీ?" అన్నాను. "పప్పుచారే చేస్తాను."

ఒంటిగంటన్నరకి ఫోన్ మొదటి రింగ్‌కే ఎత్తారు. స్పీకర్‌లో పెట్టారు, విక్టర్ ఊపిరి కూడా వినపడుతోంది.

"సుజాతా, పాజిటివ్."

అవతల ఏదో గిన్నె కిందపడింది. ఆ తర్వాత నవ్వు, ఆ నవ్వులో కీర్తన, ఎవరు పాడుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. నేను పెట్టేయకుండా ఉన్నాను. కాసేపయ్యాక చెప్పాల్సింది చెప్పాను. ఇది మొదటి మెట్టు మాత్రమే, రెండు రోజుల్లో ఇంకో రక్తపరీక్ష, మూడు వారాలకి స్కాన్, అప్పటిదాకా ఆగాలి.

"మళ్లీ వెయిటింగేనా?" అంది.

"మళ్లీనే."

"సరే. మంగళవారం చేయండి."

మార్చి ఆదివారం

నేను రిటైరయ్యాను. సుజాత చెప్పగా స్కాన్‌ల సంగతి నాకు తెలుసు, కానీ మా ఆయనకి కూడా చెప్పలేదు. చర్చిలో మేమిద్దరం ఎప్పటిలాగే వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం.

మార్చి చివర్లో ఒక ఆదివారం, బయట ఇంకా మంచుంది, గాలి కోసేస్తోంది. ఆరాధన అయ్యాక అందరం పార్కింగ్ లాట్‌లో కార్లవైపు వెళ్తున్నాం. సుజాత ఎర్రకోటులో, చేతిలో కారు తాళాలతో మా ముందు నడుస్తోంది. కోటు ముందంతా తెరిచే ఉంది. కరుణమ్మ గారికి చూసి ప్రాణం ఒప్పలేదు.

"అదేంటమ్మా సుజాతా, ఇంత చలిలో. కొత్త కోటేగా, జిప్ పెట్టుకో."

సుజాత ఆగింది. నా వైపు ఒకసారి చూసింది, ఆ పాత చూపు కాదు. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. ఆవిడ రెండు చేతులతో కోటు అంచులు పట్టుకుని దగ్గరికి లాగి చూపించింది. మధ్యలో జానెడు ఖాళీ మిగిలింది.

"పట్టట్లేదు ఆంటీ," అంది.